స్వయముగా నిర్మించుకొను విమానములు: స్టాల్ అను అపాయము

కొయ్యయు, గుడ్డయు, రేకులును కూర్చి, ఇంటి కొట్టములోనే చిన్న విమానమును నిర్మించుకొని యెగురు ఉత్సాహవంతులు పెక్కు దేశములలో కలరు. ఇట్టి విమానముల ప్రమాదములలో ఇంజను చెడుటయు, గాలిలో విమానము వశము తప్పుటయు మిక్కిలి యెక్కువ యనియు, విమానము క్రొత్తగా నున్న దినములలోనే యనేకము సంభవించుచున్నవనియు అమెరికా దేశపు జాతీయ రవాణా భద్రతా మండలివారు 2012లో తెల్పిరి. వశము తప్పుటకు తఱచుగా హేతువగు స్టాల్ అనఁగా నేమో విద్యార్థుల కిచ్చట వివరింపఁగోరుచున్నాము.

స్టాల్ అనఁగా ఇంజను ఆగిపోవుట యని పలువురు తలఁతురు. అది సరికాదు. రెక్క కొంచెము ఏటవాలుగా నుండి ముందునకు సాగునపుడు, గాలి దాని పైభాగము నంటియే ప్రవహించి క్రిందికి మరలును. అందుచే రెక్క పైకెత్తఁబడును. వాలు హెచ్చినకొలఁది ఎత్తుబలమును హెచ్చును. కాని వాలు సుమారు 15 డిగ్రీలు దాఁటఁగానే గాలి రెక్కను విడిచి సుడులు తిరుగును, ఎత్తుబలము క్షీణించును. ఇదియే స్టాల్. కాగితపు విమానమును ముక్కు మిక్కిలి యెత్తి విసరినచో, అది క్షణకాలము నిలిచి, ముక్కు వంచి పడుట మీ రెఱిఁగినదే. ఒక రెక్క ముందుగా స్టాలైనచో విమానము ఆ ప్రక్కకు ఒరగి, బొంగరమువలె తిరుగుచు పడును.

దిగుటకై తిరుగు మలుపు మిక్కిలి అపాయకరము. ఎత్తు తగ్గకుండ 60 డిగ్రీలు ఒరగి తిరుగునపుడు రెక్కలు రెండింతల బరువు మోయవలెను. నేరుగా పోవునపుడు గంటకు 40 మైళ్లవద్ద స్టాలగు విమానము అప్పుడు సుమారు 57 మైళ్లవద్దనే స్టాలగును. నేల దగ్గఱకు వచ్చుట చూచి భీతిల్లినవాఁడు ముక్కు నెత్తఁజూచును. దానిచే కీడు హెచ్చును. ముక్కు దించి గాలిని రెక్క కంటునట్లు చేయుటయే నివారణము. దానికి ఎత్తు కావలెను. నేల చేరువలో అది లేదు.

స్టాలునే తప్పింపవలెనని ఫ్రాన్సు దేశీయుఁడగు ఆన్రీ మిన్యే 1933లో రెండు రెక్కలను ఒకదాని వెనుక నొకటిగా అమర్చి, 'ఆకాశపు పేను' అను విమానమును నిర్మించెను. 1934లో దాని నిర్మాణవిధమును గ్రంథముగా ప్రకటింపఁగా, ఫ్రాన్సు, ఇంగ్లాండులలో పెక్కుమంది దానిని తయారుచేసికొనిరి. కాని కొన్ని విమానములు ముక్కు వంగి, తిరిగి లేవక నేలఁగూలెను, నడపువారు మృతినొందిరి. 1936లో గాలిసొరంగములలో పరీక్షింపఁగా సంగతి తేలెను. ముక్కు కొంత మేర వంగిన పిమ్మట ముందు రెక్క నెత్తినను, రెండు రెక్కల నడుమ సాగు గాలి వెనుక రెక్కకే బలమిచ్చి, ముక్కును లేవనీయకుండెను. ఒక అపాయమును తప్పింపఁబోవ మఱియొకటి సంభవించినది.

ఈ ప్రాణనష్టమునకు హేతువు వడ్రంగపు లోపము గాని పిఱికితనము గాని కాదు. గాలి నడవడిని ముందుగా పరీక్షింపకపోవుటయే. కావుననే అమెరికాలో ఇట్టి క్రొత్త విమానమును సామాన్యముగా మొదటి 25 గాని 40 గాని గంటలు జనసమ్మర్దము లేని తావుననే ఎగురవేసి పరీక్షింపవలెనను నిబంధన యేర్పడినది. చేతుల నేర్పు విమానమును నిర్మింపఁగలదు; దానిని క్షేమముగా దింపుటకు శాస్త్రజ్ఞానమును, ఓర్పుతోడి అభ్యాసమును వలయును.