బంతి పడిన చోటు

హైదరాబాదు నుండి చిల్కూరు బాలాజీ దర్శనానికి పోయే యాత్రికులకు గోలకొండ కొత్త కాదు. ఆ కోటకు ఈశాన్యాన ‘నయా కిలా’ అనే భాగమున్నది. 1656లో ఔరంగజేబు ముట్టడించి వెళ్ళిన తరువాత, కోట పక్కనున్న మిట్ట శత్రువుల వశం కారాదని అబ్దుల్లా కుతుబ్‌షా దానిని కూడ ప్రాకారంలో చేర్చుకొన్నాడు. ఫిరంగులకు ఎదురు నిలువవలెనని కట్టిన ఆ గోడల అండన నేడు పచ్చిక పరచుకొన్నది. దానిమీద గోల్ఫు ఆడుతున్నారు.

మన బడిపిల్లలు ఎరిగిన ఆటస్థలాలన్నీ చదునైనవి. గోల్ఫు మైదానానికి ఎత్తుపల్లాలే ప్రాణం. ఏ రెండు మైదానాలూ ఒక్క తీరున ఉండవు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో 1764లో 22 గుంటల ఆటను 18 గుంటలకు కుదించారు. క్రమంగా లోకమంతా ఆ లెక్కనే అనుసరించింది. మన దేశంలో కలకత్తా గోల్ఫు క్లబ్బు 1829లోనే వెలసినది.

ఒక్కొక్క గుంట ఆట ‘టీ’ అనే తిన్నెమీద మొదలవుతుంది. అక్కడినుండి సాగే కత్తిరించిన పచ్చికబాట ‘ఫెయిర్‌వే’. దాని కిరువైపుల ఏపుగా పెరిగిన గడ్డి ‘రఫ్’. నడుమ నడుమ ‘బంకర్లు’ అనే ఇసుక పల్లాలు. చివర తివాచీవంటి ‘గ్రీన్’, దానిలో నాలుగుంపావు అంగుళాల వెడల్పుగల గుంట. నేర్పరి ఎన్ని దెబ్బలలో బంతిని అందులో వేయగలడో ఆ సంఖ్యను ‘పార్’ అంటారు. దూరాన్నిబట్టి అది సాధారణంగా 3, 4, లేక 5.

మైదానాన్ని రూపొందించేవాని నేర్పు ఇక్కడనే తెలుస్తుంది. దగ్గరదారిలో నీటిమడుగో, ఇసుకపల్లమో ఉంచుతాడు. చుట్టుదారి క్షేమమే కాని, ఒక దెబ్బ ఎక్కువవుతుంది. సాహసించవలెనా, ఓర్చుకోవలెనా? ఆ విచక్షణకే పరీక్ష. భుజబలం ఒక్కటే ఉన్నవాడు ఇక్కడ గెలువలేడు.

గోలకొండలో పరీక్ష మరింత కఠినం. అది ఆటగానికి మాత్రమే కాదు, ఆ నేలను ఏలే మనకు కూడ. పరిసరాలలో దక్కను బండరాళ్ళు, బురుజులు, శతాబ్దాలు చూచిన ‘హతియాన్’ వృక్షం ఉన్నవి. ఆఫ్రికానుండి వచ్చిన జాతి చెట్టు అది. నేలక్రింద కుతుబ్‌షాహీల తోట ఉన్నది. పురావస్తుశాఖవారి తవ్వకాలలో దాని నీటికాలువలు బయటపడ్డవి. ఇట్టిచోట ఆటస్థలం తగునా అని చరిత్రాభిమానులు ప్రశ్నిస్తూనే ఉన్నారు. ఆ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు.

చిల్కూరు వైపు సాగితే అదే ప్రశ్న నీటిరూపంలో ఎదురవుతుంది. 1908 మూసీ వరదల తరువాత నగరరక్షణకై తలపెట్టిన ఉస్మాన్‌సాగరం 1920లో పూర్తి అయినది. దాని పరీవాహక గ్రామాలలో చిల్కూరు ఒకటి. 1996లో 111వ సంఖ్య ఉత్తర్వు ఆ గ్రామాలలో కట్టడాలను కట్టడి చేసినది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు ఇచ్చినది. గోల్ఫు పచ్చికకు వేసవిలో సైతం నీరు కావలె, ఎరువు కావలె. వానకు ఆ ఎరువు పల్లానికి దిగుతుంది. చెరువు ఉండేది పల్లంలోనే కదా!

గోల్ఫులో ముఖ్యమైన నియమం ఒకటున్నది: బంతి పడిన చోటనే, ఉన్నది ఉన్నట్లే ఆడవలె. చోటు బాగులేదని బంతిని కాలితో జరుపరాదు. సాధారణంగా ప్రక్కన న్యాయనిర్ణేత ఉండడు. లెక్కకు ఆటగాని నిజాయితీయే సాక్షి. ఆటగానికి విధించిన ఈ నియమాన్ని మైదానాలు నిర్మించేవారు కూడ పాటించవలె. రాయిని రాయిగా, గోడను గోడగా, చెరువు దారిని చెరువు దారిగా ఉంచి ఆట సాగించగలిగితే అది ఆట. వాటిని కాలితో ప్రక్కకు నెట్టి గెలిచిన గెలుపును ఏ పలకమీద వ్రాసుకొన్నా అది తప్పు లెక్కయే.