‘వచ్చి చూడు’ చలనచిత్రం: ప్రతీకార, ప్రతిఘటనల మధ్య గీత

వ్యాససంగ్రహం

రెండవ ప్రపంచయుద్ధకాలంలో జర్మన్ ఆక్రమణకు లోనైన బెలారుస్ నేపథ్యంగా ఎలెం క్లిమొవ్ దర్శకత్వంలో 1985లో వెలువడిన సోవియట్ చలనచిత్రం ‘ఇదీ ఇ స్మత్రీ’ (వచ్చి చూడు). శత్రువు పాలనలో చిక్కిన ప్రజలకు ప్రతిఘటన, ప్రతీకారం ఒకటేనా, వేరైతే వాటి మధ్య గీత ఎక్కడ పడుతుంది అనే ప్రశ్నను ఈ చిత్రం ఎలా నిర్వహించిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. చారిత్రక భూమికను, రచన నుండి తెరకు జరిగిన ప్రయాణాన్ని, ముగింపు ఘట్టాన్ని ప్రధానంగా పరిశీలించాను.

కీలకపదాలు: ఆక్రమణ, ప్రతిఘటన, ప్రతీకారం, ఖతీన్, అలెస్ అదమోవిచ్, ఎలెం క్లిమొవ్, రౌద్రం, సౌప్తికపర్వం.

1. ఉపోద్ఘాతం

యుద్ధం ఇతివృత్తంగా వచ్చే చలనచిత్రాలకు పగ చాలా అనువైన కథాసూత్రం. ఆరంభంలో ఒక దారుణం, మధ్యలో వేట, చివర వధ. ప్రేక్షకుడు లెక్క సరిపోయిందన్న భావనతో లేచి వెళ్తాడు. ఈ లెక్క మన భాషలోనే ఉంది. అప్పు తీరుతుంది, దాహం తీరుతుంది, ముచ్చట తీరుతుంది. పగ కూడా ‘తీరుతుంది’. ఒక కొరత ఉన్నదనీ, దానికి సరిపడినది దొరికితే అది పూడుతుందనీ ఈ క్రియాపదం ముందే ఒప్పుకొంటున్నది. ప్రతిఘటనకు ఈ క్రియ అతకదు. ప్రతిఘటన సాగుతుంది, అణగిపోతుంది, గెలుస్తుంది, తీరదు. క్లిమొవ్ చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తేడా ఒక మంచి ప్రవేశద్వారమని నా అభిప్రాయం.

తెలుగుశాఖల్లో సినిమాపై జరిగే పరిశోధన ఎక్కువగా పాటల సాహిత్యం దగ్గర, సంభాషణల దగ్గర ఆగుతున్నది. మాట అతి తక్కువగా ఉండి, దృశ్యమూ శబ్దమూ అర్థాన్ని మోసే ఇటువంటి చిత్రాన్ని చర్చకు తేవడానికి అదీ ఒక కారణం.

2. చారిత్రక భూమిక

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్‌పై దండెత్తింది. వారం రోజులు గడిచేసరికి బెలారుస్ రాజధాని మిన్‌స్క్ శత్రువు చేతికి చిక్కింది. 1944 జూలైలో ఆ నగరం విముక్తమయ్యేవరకు మూడేళ్లపాటు ఆక్రమణ కొనసాగింది. అడవులు, చిత్తడినేలలు విస్తారంగా ఉన్న ఆ దేశంలో పార్టిజాన్లు అనబడే గెరిల్లా దళాలు బలంగా వేళ్లూనాయి. వాటిని అణచడానికి జర్మన్ సేనలు అనుసరించిన పద్ధతి సామూహిక దండన. దళాలకు తిండి పెట్టిందన్న అనుమానం చాలు, ఊరు ఊరంతా బూడిదయ్యేది.

వీటిలో ప్రపంచానికి ఎక్కువగా తెలిసినది ఖతీన్. 1943 మార్చి 22 ఉదయం ఆ గ్రామానికి సమీపంలో పార్టిజాన్లు పొంచి ఉండి ఒక వాహనశ్రేణిపై కాల్పులు జరిపారు. మరణించినవారిలో హాన్స్ వోల్కె అనే జర్మన్ అధికారి ఉన్నాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఇనుపగుండు విసరడంలో స్వర్ణపతకం సాధించినవాడు. అదే రోజు ఖతీన్ గ్రామస్థులను ఒక కొట్టంలోకి తోలి నిప్పుపెట్టారు. మృతులు 149 మంది. వారిలో 75 మంది పిల్లలు. ప్రాణాలతో మిగిలిన పెద్దవాడు యూజిఫ్ కమీన్‌స్కీ అనే కమ్మరి ఒక్కడే. 1969లో అక్కడ స్మారకస్థలం ఏర్పడినప్పుడు, చనిపోయిన కొడుకును చేతులపై మోస్తున్న అతని రూపమే దానికి కేంద్రశిల్పమైంది.

ఈ కథనంలో సోవియట్ ప్రభుత్వం చాలాకాలం దాచిన భాగం ఒకటుంది. ఖతీన్‌ను తగలబెట్టినవారిలో దిర్లెవాంగర్ ఎస్.ఎస్. దళంతో పాటు 118వ సహాయక పోలీసు పటాలం ఉన్నది. అందులో అధికులు ఉక్రేనియన్లు. ఎర్రసైన్యంలో పనిచేసి శత్రువుకు బందీలై అటు చేరినవారు కూడా వారిలో ఉన్నారు. ఆ పటాలపు ముఖ్య అధికారి గ్రిగొరీ వస్యూరాపై మిన్‌స్క్‌లో విచారణ జరిగినది 1986లో, అంటే చిత్రం విడుదలైన మరుసటి ఏడు. దానికి ప్రచారం ఇవ్వలేదు. చిత్రంలో ఊరిని తగలబెట్టే గుంపులో జర్మన్లతో కలిసి స్థానిక భాష మాట్లాడే తొత్తులు కనిపించడాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. ఆక్రమణ అంటే బయటివాడు వచ్చి కూర్చోవడం మాత్రమే కాదు, లోపలివాడు వాడికి కట్టెలు అందించడం కూడా.

3. సాక్ష్యం నుండి తెరకు

చిత్రానికి క్లిమొవ్‌తో కలిసి కథనం సమకూర్చినవాడు బెలారుస్ రచయిత అలెస్ అదమోవిచ్ (1927–1994). కౌమారంలోనే పార్టిజాన్ దళంలో చేరినవాడు. ఆయన 1971లో ‘ఖతీన్ కథ’ రాశాడు. ఆ తరువాత యాంకా బ్రిల్, ఉలద్జిమిర్ కాలెస్నిక్ అనే మరో ఇద్దరు రచయితలతో కలిసి ఊరూరా తిరిగి, మంటల నుండి బయటపడినవారి మాటలను నమోదుచేసి ‘నేను అగ్నిగ్రామం నుండి వచ్చాను’ అనే గ్రంథంగా వెలువరించాడు. చిత్రానికి ఈ రెండూ ఆధారాలు. మొదటిది కల్పన, రెండవది సాక్ష్యం. తెరపైకి వచ్చినప్పుడు సాక్ష్యానిదే పైచేయి అయింది. కథానాయకుడికి ‘పాత్ర వికాసం’ వంటిదేదీ లేకపోవడానికి కారణం ఇదే కావచ్చు. అతడు చేసేది చూడటం. బైబిల్‌లోని ప్రకటన గ్రంథం 6వ అధ్యాయం నుండి తీసుకున్న శీర్షిక కూడా ఆ పనినే సూచిస్తున్నది.

చిత్రానికి మొదట అనుకొన్న పేరు ‘హిట్లర్‌ను చంపండి’. ప్రతి మనిషి తనలోని హిట్లర్‌ను చంపుకోవాలన్నది దర్శకుని భావం. 1970ల చివర రాష్ట్ర చలనచిత్ర సంస్థ అభ్యంతరాలతో చిత్రీకరణ ఆగిపోయింది. అనుమతి దొరకడానికి ఏళ్లు పట్టింది. విజయం సాధించిన నలబయ్యవ వార్షికోత్సవ సంవత్సరంలో చిత్రం విడుదలై మాస్కో అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో బహుమతి పొందింది. 2003లో మరణించేవరకు క్లిమొవ్ మరొక చిత్రం తీయలేదు. ఆయన భార్య లరీసా షెపిత్కో 1977లో తీసిన ‘ఆరోహణ’ కూడా బెలారుస్ పార్టిజాన్ల కథే. ఆక్రమణలో ద్రోహం ఎలా పుడుతుందో అది చూపింది. రెండింటినీ వరుసగా చూడటం పరిశోధకులకు లాభిస్తుంది.

4. తవ్వవద్దన్న మాట

కథ 1943లో మొదలవుతుంది. ఫ్ల్యోరా అనే పల్లెటూరి కుర్రవాడు ఇసుకలో పూడిన సైనికుల మధ్య తుపాకీ కోసం తవ్వుతుంటాడు. తుపాకీ ఉంటేనే దళంలో చేర్చుకొంటారు. తవ్వవద్దని ఊరిపెద్ద హెచ్చరిస్తాడు. తుపాకీ దొరుకుతుంది. పైన ఒక నిఘా విమానం చక్కర్లు కొడుతుంటుంది. తల్లి కాళ్లావేళ్లా పడినా, కవల చెల్లెళ్లను విడిచి, నవ్వుముఖంతో వెళ్లిపోతాడు. దళనాయకుడు అతణ్ణి శిబిరంలోనే వదిలేసి ముందుకు సాగుతాడు. అతని మంచి బూట్లు తీసి పాత బూట్లున్న మరొకడికి ఇప్పిస్తాడు. అక్కడ గ్లాషా అనే అమ్మాయి తోడవుతుంది. బాంబులు పడతాయి, చెవులు దిబ్బళ్లు పడతాయి. అప్పటి నుండి ప్రేక్షకుడికీ చెవుల్లో అదే హోరు.

ఇద్దరూ ఊరికి తిరిగివస్తారు. ఇంట్లో ఎవరూ లేరు. పొయ్యిలో పులుసు ఇంకా వెచ్చగా ఉంది, నేలపై చెల్లెళ్ల బొమ్మలున్నాయి, ఈగలు ముసురుతున్నాయి. అమ్మావాళ్లు చిత్తడి అవతల దీవికి వెళ్లి ఉంటారని ఫ్ల్యోరా పరుగుతీస్తాడు. వెనుక వస్తున్న గ్లాషా ఒక్కసారి తల తిప్పుతుంది. గోడ వెంట పోగుపడిన శవాలు క్షణకాలం తెరపై కనిపించి మాయమవుతాయి. మొత్తం చిత్రంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపింది ఈ క్షణమే. చూసినది ఆమె, చూడనివాడు అతడు, ఆ రహస్యం బురదలో ఈదుతున్నంతసేపూ ఇద్దరి మధ్య ఉంటుంది. దీవిపై, ఒళ్లంతా కాలి చావుకు దగ్గరైన ఊరిపెద్ద ఎదురై, తవ్వవద్దని ముందే చెప్పానుగదా అన్న అర్థంలో మాట్లాడతాడు.

ప్రతిఘటన గురించి తీసిన చిత్రాల్లో చాలావరకు తప్పించుకొనే ప్రశ్న ఇక్కడ నిలబడుతుంది. దళం అడవిలోకి వెళ్తుంది. మూల్యం ఊరు చెల్లిస్తుంది. ఖతీన్ చరిత్రలో ఉన్నదీ ఇదే క్రమం. అయితే ఊరిపెద్ద మాటను చిత్రం తీర్పుగా తీసుకొన్నదా? తీసుకోలేదనే నేను అనుకొంటాను. రెండవ భాగంలో వచ్చే పెరెఖోదీ అనే ఊరు ఎవరికీ ఏ తుపాకీ తవ్వివ్వలేదు, అయినా కాలింది. తవ్వినా తవ్వకున్నా ఒకటే గతి అయినప్పుడు, తవ్వినవాణ్ణి దోషిగా నిలబెట్టేది ఆక్రమణదారుడి తర్కమే. ఆ తర్కం బాధితుని నోట, అదీ చావుబతుకుల్లో, వినిపించడంలో దర్శకుని నిర్దాక్షిణ్యమైన నిజాయితీ ఉంది. ఫ్ల్యోరా మాత్రం ఆ మాటను నమ్మి, బురదలో తల దూర్చి చనిపోవాలని చూస్తాడు.

5. వీరం లేని యుద్ధం

ఆలంకారికుల పరిభాషలో వీరానికి ఉత్సాహం, రౌద్రానికి క్రోధం స్థాయీభావాలు. ఈ విభజనను ఆశ్రయిస్తే ప్రతిఘటన వీరం వైపు, ప్రతీకారం రౌద్రం వైపు మొగ్గుతాయి. ప్రగతి, రాదుగ ప్రచురణల తెలుగు అనువాదాల ద్వారా సోవియట్ సాహిత్యంతో పరిచయమున్న పాఠకులు ఈ చిత్రంలో ఉత్సాహాన్ని ఆశించడం సహజం. కాని క్లిమొవ్ దాన్ని తెరపై నిలవనివ్వడు. పార్టిజాన్లు జర్మన్లను ఓడించిన ఘర్షణ మనకు కనిపించదు. ముగిసిన తరువాతి పొగను చూస్తాం. ఆహారం తేవడానికి వెళ్లిన నలుగురిలో ఇద్దరు మందుపాతరకు బలవుతారు, మూడోవాడితో పాటు దొరికిన ఆవు కూడా తూటాలకు నేలకొరుగుతుంది. ఆవు కన్ను దగ్గరగా కనిపిస్తుంది. విజయం వర్ణించడానికి వీల్లేని చోట మిగిలేవి భయానక, బీభత్సాలే.

పెరెఖోదీలో జరిగినదాన్ని ఇక్కడ విస్తరించను. జనాన్ని చెక్కకొట్టంలో కుక్కుతారు, పిల్లల్ని వదిలేస్తే బయటికి రావచ్చని అధికారి ప్రకటిస్తాడు, ఫ్ల్యోరా కిటికీ నుండి బయటపడతాడు, కొట్టం కాలుతుంది. తగలబెట్టినవారు చప్పట్లు కొడతారు. తరువాత అతని కణతకు పిస్తోలు ఆనించి ఫోటో దిగుతారు. చిత్రం మొదట్లో పార్టిజాన్ దళం కూడా ఉత్సాహంగా గుంపు ఫోటో దిగింది. ఫోటో నుండి ఫోటోకు కుర్రవాడి ముఖం ముడతలు పడి ముసలిదయింది. పద్నాలుగేళ్ల ప్రాయంలో ఈ పాత్ర ధరించిన అలెక్సేయ్ క్రావ్‌చెంకో ముఖమే ఈ చిత్రానికి గ్రంథం. అలెక్సేయ్ రొదియోనొవ్ కెమెరా ఆ ముఖాన్ని సూటిగా మనవైపు తిప్పుతుంది.

6. వంతెన కింద

పట్టుబడిన జర్మన్లను, తొత్తులను పార్టిజాన్లు ఒక వంతెన దగ్గరికి చేరుస్తారు. ముసలి సేనాధిపతి తానేమీ ఎరుగనని ప్రాధేయపడతాడు. ఒక యువ అధికారి మాత్రం దాచుకోడు: బ్రతికే హక్కు లేని జాతులున్నాయనీ, పిల్లలతోనే అన్నీ మొదలవుతాయి గనుక వారిని వదలలేదనీ చెబుతాడు. ఫ్ల్యోరా ఒక పెట్రోలు డబ్బా తెచ్చి ఇస్తాడు. బందీలలో ఒకడు తన ప్రాణం కోసం తనవారిపైనే దాన్ని పోస్తాడు. అగ్గి పెట్టకముందే, చూస్తున్నవారి తుపాకులు పేలతాయి.

ఈ ఘట్టాన్ని కొందరు క్షమగా చదువుతారు. అది సరికాదు, బందీలలో ఎవరూ మిగలలేదు. మరికొందరు ఇది మామూలు ప్రతీకారమే అంటారు. అదీ పూర్తి సత్యం కాదు. కాల్చడానికి పెట్రోలు సిద్ధంగా ఉండగా దాన్ని వాడకుండా తూటాలతో ముగించడంలో ఒక గీత పడింది. కొట్టానికి కొట్టం, మంటకు మంట అన్న సమీకరణం ఆ గీత దగ్గర తెగిపోయింది. తూటా కూడా హత్యే; కాని శత్రువు పద్ధతిని అచ్చంగా అనుకరించేదాకా తాము వెళ్లమని ఆ గుంపు, బహుశా ఆలోచించకుండానే, తేల్చుకొంది. పెట్రోలు తెచ్చినది ఫ్ల్యోరాయే అన్నది మరువరాదు. గీత అవతలికి ఒక అడుగు వేసినవాడు మన కథానాయకుడే.

7. వెనక్కి నడిచిన కాలం

బురదనీటి గుంటలో హిట్లర్ చిత్రపటం పడి ఉంటుంది. అతణ్ణి విమోచకుడని కీర్తించే రాత దానిపై ఉంటుంది. ఇసుకలో తవ్వి తెచ్చిన తుపాకీని ఫ్ల్యోరా చిత్రంలో తొలిసారి పేల్చేది ఈ బొమ్మపైనే. ఒక్కొక్క తూటాకు వార్తాచిత్రాలు వెనుకనుండి ముందుకు తిరుగుతాయి. కూలిన భవనాలు లేచి నిలబడతాయి, బాంబులు విమానాల్లోకి తిరిగివెళ్తాయి, కవాతులు వెనక్కి నడుస్తాయి, హిట్లర్ వయస్సు తగ్గుతూ పోతుంది. పగ కోరేది సరిగ్గా ఇదే: జరిగినది జరగకుండా పోవాలి. ఏ వధా దాన్ని ఇవ్వలేదు గనుకనే పగ తీరదు. సినిమా సంకలనం మాత్రం రెండు నిమిషాలు ఆ భ్రమను ఇవ్వగలిగింది.

చివరికి తల్లి ఒడిలో పసివాడి ఫోటో మిగులుతుంది. ఫ్ల్యోరా గురిపెట్టి, పేల్చలేకపోతాడు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ సౌప్తికపర్వం గుర్తుకురాక తప్పదు. తండ్రిని చంపినందుకు అశ్వత్థామ నిద్రిస్తున్న శిబిరంపై పడి ఉపపాండవులను వధిస్తాడు. అంతటితో ఆగక, ఉత్తర గర్భంలోని శిశువుపైకి అస్త్రాన్ని మళ్లిస్తాడు. తిక్కన తెనిగించిన ఆ పర్వంలో పగ తన సహజగతిలో ఎక్కడికి చేరుతుందో చూడవచ్చు: పుట్టనివాడి దాకా. ఫ్ల్యోరా కూడా అదే దారిలో, అదే దిశగా నడిచాడు. శత్రువు పెద్దతనం నుండి బాల్యానికి, బాల్యం నుండి ఒడికి. తేడా చివరి అడుగులో ఉంది. ఆ పసివాణ్ణి చంపితే 628 గ్రామాలు మిగిలేవి కదా అని ఎవరైనా వాదించవచ్చు. గణితంగా ఆ వాదం బలమైనదే. కాని పిల్లలతోనే అన్నీ మొదలవుతాయన్నది వంతెన కింద ఆ యువ అధికారి చెప్పిన మాట. తుపాకీ పేలితే ఆ మాట నిజమని ఫ్ల్యోరా ఒప్పుకొన్నట్టే. ఇక్కడ చిత్రం హిట్లర్‌ను క్షమించినదని అనుకోవడానికి ఆధారం లేదు. ఒక జాతి పుట్టుకనే నేరంగా చూసే సిద్ధాంతాన్ని కుర్రవాడు నిరాకరించాడు, అంతే.

బెలారుస్‌లో 628 గ్రామాలను వాటి ప్రజలతో సహా తగలబెట్టారన్న వాక్యం అప్పుడు తెరపైకి వస్తుంది. మొజార్ట్ స్మృతిగీతం వినిపిస్తుంది. ఫ్ల్యోరా తుపాకీని పారవేయడు. దాన్ని భుజాన వేసుకొని, అడవిలోకి నడుస్తున్న దళం వెనుక పరుగెత్తి, వారి వరుసలో కలిసిపోతాడు. నేలపై మంచు పడి ఉంది. యుద్ధం ఇంకా ఏడాదికి పైగా మిగిలి ఉంది.