కానుగ గింజ మనది, నూనె ఎవరిది?

దున్నకం కిరాయి ఎందుకు పెంచావని అడిగితే ట్రాక్టరు యజమాని డీజిల్ ధర చూపిస్తాడు. ఇల్లందు నుంచి గుండాల పోయే బండి చార్జీ పెరిగినా అదే జవాబు. 2024లో తెలంగాణలో లీటరు డీజిల్ 95 రూపాయలు దాటింది. సొంత బండి లేని కూలీ మనిషికి కూడా ఆ భారంలో వాటా తప్పదు. అందుకే ఈమధ్య మా సంఘం మీటింగుల్లో కుర్రవాళ్లు ఒకటే అడుగుతున్నారు: 'అన్నా, వాగుల వెంట కానుగ చెట్లున్నయి గదా, ఆ నూనెతో బండి నడవదా? ఇంట్లోనే తయారుచేసి డ్రమ్ముల్లో దాచుకోరాదా?'

నడుస్తుంది. ఇందులో వింతేమీ లేదు. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతోనే నడిపి చూపించారు. మనకు ఉత్తరాన, అప్పటి ఆదిలాబాద్ జిల్లా అడవుల్లో కూడా ఈ పని జరిగింది. బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థ ఆచార్యుడు ఉడిపి శ్రీనివాస చొరవతో గిరిజన గూడెంలో కానుగ నూనెతో జనరేటరు తిప్పి దీపాలు వెలిగించారు. పవర్‌గూడలో మహిళా సంఘాలు నూనె తీసే యంత్రం పెట్టుకున్నాయి. పదేళ్లపాటు డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు 2003లో ప్రపంచ బ్యాంకు ఆ గూడేనికి 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో సమావేశానికి వచ్చిపోయిన పెద్దల విమానాల పొగకు అది పరిహారమట! టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. పొగ వాళ్లది, చెట్టు మనది, ధర కట్టిందీ వాళ్లే.

ఇక మన లెక్క చూద్దాం. నాలుగు కిలోల గింజకు సుమారు లీటరు నూనె వస్తుంది. కానుగ గింజకు కేంద్ర మద్దతు ధర 2013-14లో కిలోకు 21 రూపాయలు. 2020 మే నెలలో దాన్ని 22 చేశారు. ఏడేళ్లకు ఒక్క రూపాయి! అయినా ఆ ధరకే కొంటే లీటరు నూనెకు గింజ ఖర్చే 88 రూపాయలు. దానిమీద గానుగ ఖర్చు, మందుల ఖర్చు. అంటే ఏరినవాళ్లకు న్యాయమైన ధర ఇస్తే షావుకారుకు ఇందులో లాభం లేదు. ఏరినవాళ్ల కడుపు కొడితేనే ఉంది. సొంతంగా ఏరుకొని, సొంత గానుగలో ఆడించుకునే గూడేనికి మాత్రం గిట్టుతుంది. పైగా మిగిలిన కానుగ చెక్క పొలానికి మంచి ఎరువు.

అయితే తీసిన నూనెను తీసినట్టే జీపులో పోయొద్దు. నిదానంగా తిరిగే పాత ఆయిలింజను కొన్నాళ్లు తట్టుకుంటుంది గాని, జీపు, కారు ఇంజన్లలో చిక్కటి నూనె నాజిళ్లను మూసేస్తుంది. వంద లీటర్ల నూనెకు ఇరవై లీటర్ల దాకా మిథనాల్, కొంచెం కాస్టిక్ సోడా కలిపి వేడి చేస్తే గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది. పైన తేలిందే బయోడీజిల్. దాన్ని నీళ్లతో కడిగి, తడి ఆరబెట్టాలి. నిలవ గింజల నూనెలో పులుపు ఎక్కువ. దాన్ని ముందు ఆమ్లంతో శుద్ధి చేయకపోతే ఇంధనానికి బదులు సబ్బు మిగులుతుంది.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాటొకటుంది. కల్తీ సారాలో జనం కళ్లు పోగొట్టేది, ప్రాణాలు తీసేది ఈ మిథనాలే. పగటి వెలుగులో దాని మంట కంటికి కనపడదు. పొయ్యి ఉన్న ఇంట్లో, పిల్లలు తిరిగేచోట దాన్ని పెట్టనే కూడదు. తయారీ ఊరికి ఎడంగా, గాలి వచ్చే షెడ్డులో, నేర్చుకున్న మనిషి చేతిమీద జరగాలి.

తయారై, బాగా కడిగిన బయోడీజిల్‌తో ఆ భయం లేదు. మామూలు డీజిల్ కంటే అది నిదానంగా అంటుకుంటుంది. దాన్ని ఇంట్లో దాచుకోవచ్చు. దళసరి ప్లాస్టిక్ డబ్బాలో గాని, మామూలు ఇనుప డ్రమ్ములో గాని నిండుగా పోసి, మూత బిగించి నీడలో పెట్టాలి. రాగి, ఇత్తడి, జింకు పూత తగిలితే చెడుతుంది. తడి చేరితే బూజు పట్టి జిగురవుతుంది. మన వానాకాలం సంగతి తెలిసిందే గదా, ఆరు నెలలకు మించి ఉంచొద్దు. పాత బండ్ల రబ్బరు పైపులు ఉబ్బుతాయి, టాంకీలో పేరుకున్న మడ్డి కదిలి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. మొదట డీజిల్‌లో ఐదో వంతు కలిపి చూడాలి.

ప్రభుత్వాల తీరు చూడండి. అడవి ఆముదంతో బీళ్లన్నీ బంగారమవుతాయని ఊదరగొట్టారు. 2009 విధానంలో 2017 నాటికి 20 శాతం కలుపుతామన్నారు. 2018 వచ్చేసరికి ఆ మాట 2030 నాటికి 5 శాతానికి జారింది. మొక్కలు నాటినవాళ్లకు నష్టం, మాట ఇచ్చినవాళ్లకు ఏమీ లేదు.

ఇల్లందు చుట్టూ 1871లో బొగ్గు కనిపెట్టారు, 1889 నుంచి తవ్వారు. బొగ్గుట్ట అన్న పేరు ఊరికి మిగిలింది గాని నేల కింది ఇంధనం మీద కూలీకి హక్కు రాలేదు. చెట్టుమీది ఇంధనానికైనా ఆ గతి పట్టొద్దు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై ఆదివాసీలకు యాజమాన్యం ఇచ్చింది. ఆ చట్టాన్ని పట్టుకొని గూడేనికో గానుగ, నాలుగైదు గూడేలకు కలిపి ఒక తయారీ షెడ్డు, శిక్షణ పొందిన ఇద్దరు కుర్రవాళ్లు కావాలని భద్రాచలం ఐ.టి.డి.ఏ.ను అడగాలి. కానుగ కాయ ఎండాకాలం మొదట్లో రాలుతుంది. గ్రామసభ తీర్మానాలు అంతకుముందే రాసి పంపాలి.