మీకు తెలుసా? ఎర్త్ వైరే యాంటెన్నా అయిపోగలదు!

హామ్ రేడియోలో గరగర మొదలైతే చాలామంది ముందు చేసే పని, పెరట్లో రాగి కడ్డీ పాతి ఎర్త్ ఇవ్వడం. పిడుగు నుంచి, షాక్ నుంచి రక్షణకు ఎర్త్ ఉండి తీరాలి. గరగర తగ్గాలంటే మాత్రం అదొక్కటే చాలదు. ఉదాహరణకు, 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 42 మీటర్లు. మేడ మీది గదిలోంచి దించిన ఎర్త్ వైరు అందులో నాలుగో వంతుకు, అంటే పదిన్నర మీటర్లకు దగ్గరగా ఉంటే, ఆ ఫ్రీక్వెన్సీకి ఎర్త్ ఉన్నా లేనట్టే. పైగా ఆ తీగే రొదను పట్టి తెస్తుంది. ప్రసారం చేస్తుండగా మైకు లోహపు భాగం పెదవికి తగిలి చురుక్కుమనడానికి తరచూ ఇదే కారణం.

రేడియోను యాంటెన్నాకు కలిపే కోయాక్సియల్ కేబుల్ సంగతి ఇంకా చిత్రం. ఈ ఫ్రీక్వెన్సీలో కరెంటు చాలావరకు రాగి ఉపరితలంలో 0.025 మిల్లీమీటర్ల లోతులోనే ప్రవహిస్తుంది. కాబట్టి కవచంగా ఉండే రాగి అల్లికకు లోపలి ముఖం ఒక తీగ, బయటి ముఖం మరో తీగ! ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు పుట్టించే రొద ఆ బయటి ముఖం వెంబడి యాంటెన్నా దాకా పాకి, అక్కడ సిగ్నల్‌తో కలిసి లోపలికి దిగుతుంది. తగిన ఫెరైట్ రింగులో కేబుల్‌ను కొన్ని చుట్లు తిప్పితే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది. అల్లికను కనెక్టర్ చుట్టూరా అతికించాలి. జడలా మెలిపెట్టి ఒకే చోట సోల్డర్ చేస్తే కవచానికి అక్కడే కన్నం పడుతుంది.

వీటన్నిటికంటే ముందు రేడియోను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపి వినండి. రొద ఆగిందా? అది మీ ఇంట్లోదే. అన్ని స్విచ్చులూ ఆపి, మెయిన్ వేసి, ఒక్కో స్విచ్చే వేస్తూ పోతే ఏ వస్తువుదో దొరుకుతుంది.