పసుపు పూలన్నీ తంగేడు కాదు.. ఫోన్ చెప్పే పేరును ఎంతవరకు నమ్మొచ్చు?

వానాకాలం చివరికొచ్చేసరికి మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్ చుట్టుపక్కల రోడ్ల అంచులు, చెలకల గట్లు, ఒర్రెల పక్కలు పసుపు పూలతో నిండిపోతాయి. ఇంతకుముందు ఆ పూల పేర్లు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు ఫోన్ చెబుతోంది. కెమెరా పెట్టి నొక్కితే రెండు సెకన్లలో పేరు వచ్చేస్తుంది.

ఆ పేరు తప్పయితే ఏమవుతుంది? పువ్వును చూసి ముచ్చట పడటానికైతే ఏమీ కాదు. కానీ ఆకును కూరకో, పువ్వును కషాయానికో, గింజను మందుకో వాడాలనుకుంటే మాత్రం తప్పు పేరు ప్రాణం మీదికి తెస్తుంది. ఇందుకు మన దగ్గరే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఒకే కుటుంబానికి చెందిన మూడు పసుపు పూల మొక్కలు ఇక్కడ దాదాపు ఒకే కాలంలో పూస్తాయి. ఒకటి బతుకమ్మకు వెళ్తుంది, ఇంకొకటి కూరకు వెళ్తుంది. మూడోదాని గింజలు పిల్లల ప్రాణాలు తీశాయి.

మూడు మొక్కలు, బోలెడు పేర్లు

మొదటిది తంగేడు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది దీన్నే. దక్కనీ ఉర్దూలో తర్వార్ అంటారు. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా.

రెండోది తంటెం. కొన్ని ఊళ్లలో తగిరిస అంటారు. వానలు పడగానే మొలిచే ఈ మొక్క లేత ఆకును చాలా ఇళ్లలో కూర వండుకుంటారు. ఉర్దూలో పవాడ్, చకవడ్ అనే పేర్లున్నాయి. శాస్త్రీయ నామం సెన్నా టోరా.

మూడోది కసివింద. కొందరు కసింద అంటారు. ఉర్దూలో కసౌందీ. శాస్త్రీయ నామం సెన్నా ఆక్సిడెంటాలిస్. నాటు వైద్యంలో, యునానీలో దీని పేరు వినిపిస్తుంది. అంతమాత్రాన ఇంట్లో ఎవరికి వారు వాడుకోవచ్చని కాదు.

ఇక్కడే మొదటి చిక్కు. తంటేన్ని కొన్నిచోట్ల 'చిన్న కసివింద' అని కూడా పిలుస్తారు. ఒడిశాలో కసివిందను 'బడా చకుండా' అంటారు, అంటే పెద్ద చకుండా. తినే మొక్కకూ విషపు మొక్కకూ చిన్న, పెద్ద అనే మాట ఒక్కటే తేడా. ఊరు మారితే ఆ మాట కూడా మారిపోతుంది. అందుకే స్థానిక పేరుతో పాటు శాస్త్రీయ నామం కూడా తెలుసుకోవడం మంచిది. పాత పుస్తకాల్లో ఈ మూడింటినీ 'సెన్నా' బదులు 'కేసియా' అని రాశారు. రెండు పేర్లతో వెతికినా అవే మొక్కలు.

మల్కన్‌గిరిలో ఏం జరిగింది?

2016 వానాకాలం చివర్లో ఆంధ్రప్రదేశ్‌కు ఆనుకుని ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో పదుల సంఖ్యలో చిన్నపిల్లలు చనిపోయారు. మొదట అందరి అనుమానం మెదడువాపు మీదికే వెళ్లింది. కొందరికి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ నిజంగానే ఉంది. మిగతా పిల్లల్లో చాలామందికి మాత్రం కారణం కసివింద గింజల విషమని వైరాలజిస్ట్ డాక్టర్ టి. జాకబ్ జాన్ నాయకత్వంలోని బృందం తేల్చింది.

అది కొత్త విషయమేమీ కాదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా పిల్లలను బలి తీసుకున్న అంతుపట్టని జబ్బుకు ఈ మొక్కే కారణమని డాక్టర్ విపిన్ వశిష్ఠ, జాకబ్ జాన్ తదితరులు 2007లోనే అధ్యయనాలు ప్రచురించారు. గింజల్లోని ఆంత్రాక్వినోన్ అనే రసాయనాలు కాలేయాన్ని, కండరాలను, మెదడును ఒకేసారి దెబ్బతీస్తాయి. వాంతులతో మొదలై పిల్లాడు మగతలోకి వెళ్లిపోతాడు, ఫిట్స్ రావచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. పిల్లలు ఆడుకుంటూ కాయలు కొరకకుండా చూడటమే అసలైన రక్షణ.

ఫోన్ ఎలా గుర్తుపడుతుంది?

ఫోన్‌కు మొక్క అంటే ఏమిటో తెలియదు. అంతకుముందు ఎవరో పేరు పెట్టిన లక్షల ఫొటోలను యాప్ వెనక ఉన్న ప్రోగ్రామ్ చూసి ఉంటుంది. మీరు తీసిన ఫొటో వాటిలో దేనికి దగ్గరగా ఉందో లెక్కగట్టి వరసగా నాలుగైదు పేర్లు ఇస్తుంది. పక్కన కనిపించే శాతం పోలిక మాత్రమే, గ్యారంటీ కాదు.

ఇందులో రెండు లోపాలున్నాయి. ఒకటి, యూరప్, అమెరికాల నుంచి వచ్చే ఫొటోలతో పోలిస్తే తెలంగాణ పల్లెల నుంచి వెళ్లేవి చాలా తక్కువ. అందుకే మన చెలకలోని మొక్కకు ఎక్కడిదో పేరు తగిలించడం మామూలే. రెండోది, ఈ మూడు మొక్కల పూలూ ఐదు రెక్కల పసుపు పూలే. పువ్వు ఒక్కటే దగ్గరగా ఫొటో తీస్తే యాప్‌కు తేడా చూపించేదేమీ ఉండదు.

ఏ యాప్ దేనికి?

గూగుల్ లెన్స్ మొక్కల కోసమే చేసింది కాదు. ఫొటోకు పోలిన బొమ్మలను ఇంటర్నెట్‌లో వెతికి పెడుతుంది. మొదటి అంచనాకు పర్వాలేదు.

ప్లాంట్‌నెట్ ఫ్రాన్స్ పరిశోధన సంస్థలు తయారుచేసింది, ఫోన్ యాప్‌గా 2013లో వచ్చింది. ఒకే మొక్కవి ఆకు, పువ్వు, కాయ ఫొటోలు వేర్వేరుగా కలిపి అడగొచ్చు. మన అవసరానికి ఇది ముఖ్యమైన సౌకర్యం.

ఐనేచురలిస్ట్ 2008లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయం విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. ఇక్కడ యాప్ చెప్పిన పేరుతో పని అయిపోదు. ఫొటోను మిగతా సభ్యులు చూసి ఒప్పుకుంటారు లేదా సరిచేస్తారు. ఫొటో, తేదీ, చోటు ఉండి, గుర్తించినవాళ్లలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువ మంది ఒకే పేరు చెబితే దానికి 'రీసెర్చ్ గ్రేడ్' వస్తుంది. మొక్కకు తెలుగు, ఉర్దూ పేర్లు చేర్చే వీలూ ఉంది. ఇంటి దగ్గర తీసిన ఫొటో అయితే చోటు కచ్చితంగా కనిపించకుండా దాచుకోవచ్చు.

అదే సంస్థ ఇచ్చే 'సీక్' యాప్‌కు ఖాతా అక్కర్లేదు కాబట్టి పిల్లలకు అనువు. 2008 నుంచి నడుస్తున్న ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో మన దేశపు మొక్కల వివరాలు, ఫొటోలు దొరుకుతాయి. యాప్ చెప్పిన పేరును అక్కడ సరిచూసుకోవచ్చు.

ఒక్క ఫొటో సరిపోదు

కామర్స్ చదివినవాళ్లకు తెలిసిన సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. ఖాతాలో ఎంట్రీ ఉంటే దానికి వోచర్ ఉండాలి. వృక్షశాస్త్రంలోనూ ఎండబెట్టి హెర్బేరియంలో దాచే నమూనాను 'వోచర్' అనే అంటారు. మామూలు మనిషికి నాలుగు ఫొటోలే వోచర్.

మొదటిది మొత్తం మొక్క, పక్కన చెయ్యో నాణెమో పెట్టి తీయండి, ఎత్తు తెలుస్తుంది. రెండోది ఆకు మొత్తం, అది కొమ్మకు అతుక్కున్న చోటు కనిపించాలి. మూడోది పువ్వు, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. నాలుగోది కాయ. మిట్టమధ్యాహ్నం పసుపు పువ్వు తెల్లగా వెలిసినట్టు వస్తుంది, ఉదయమో నీడలోనో తీస్తే మేలు. లొకేషన్ ఆన్ చేసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను యాప్‌లో పెట్టొద్దు. దాని నాణ్యత తగ్గిపోతుంది, ఎక్కడ తీశారో ఆ సమాచారమూ పోతుంది.

ఇంకో మాట. పూల కోసం ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి గుట్టలు ఎక్కొద్దు. వానకు ఆ మట్టి జారుతుంది, పైగా అవి అనుమతి లేనిదే వెళ్లకూడని చోట్లు.

తేడా ఎక్కడుంది?

ఈ మూడింటి ఆకు ఒక్క ముక్కగా ఉండదు. మధ్య ఈనెకు రెండు పక్కలా చిన్న ఆకులు జతలు జతలుగా ఉంటాయి. ఆ జతలు లెక్కపెడితే సగం పని అయిపోయినట్టే.

తంగేడుకు సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు జతలుంటాయి. ప్రతి జత మధ్యా చిన్న బుడిపె ఉంటుంది. ఆకు కాడ మొదట్లో చెవిలాంటి రెక్క కనిపిస్తుంది. శాస్త్రీయ నామంలోని 'ఆరిక్యులేటా' అంటే చెవులున్నది అనే. కాయ వెడల్పుగా, పలచగా, కాగితంలా ఉంటుంది.

తంటేనికి మూడే జతలు. చిన్న ఆకుల కొసలు గుండ్రంగా ఉంటాయి. మొక్క చాలావరకు నడుము ఎత్తు దాటదు. కాయ సన్నగా, పొడవుగా వంపు తిరిగి ఉంటుంది.

కసివిందకు నాలుగైదు జతలు, ఒక్కోసారి ఆరు. ఆకుల కొసలు సూదిగా ఉంటాయి. బుడిపె ఒక్కటే, అదీ కాడ మొదట్లో. కాయ కొంచెం చదునుగా, అంచులు లేత రంగులో ఉంటుంది. ఆకు నలిపితే చెడు వాసన. అయితే తంటెం కూడా వాసన వేస్తుంది కాబట్టి వాసన ఒక్కటే నమ్మితే మోసపోతారు.

ఈ గుర్తులేవీ ఫోన్ దానంతటది అడగదు. మనమే చూడాలి. ఆ తర్వాత ఊళ్లో తెలిసిన పెద్దవాళ్లకు చూపించాలి. ఏటా ఆ కూర తెంపి వండే మనిషి చూపు ఏ యాప్‌కూ రాదు. యాప్, గుర్తులు, పెద్దల మాట.. మూడూ ఒక్కటైతేనే పేరు ఖాయం. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ మొక్క వంటింట్లోకి రాకూడదు.

తంగేడు పూల కషాయం షుగర్‌కు మంచిదని చాలామంది తాగుతుంటారు. మొక్క సరైనదే అయినా, డాక్టర్ ఇచ్చిన మందులు ఆపి దాని మీద ఆధారపడటం ప్రమాదం.

శ్రీరాంపూర్ ఫొటో ఎందుకు అవసరం?

మన ప్రాంతపు మొక్కలను లెక్కలోకి ఎక్కించే పని పాతదే. నిజాం కాలంలో, 1930లలో, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. సయీదుద్దీన్ హైదరాబాద్ రాష్ట్రంలో సాధారణంగా కనిపించే పూల మొక్కల మీద వ్యాసాలు రాశారు. ఆదిలాబాద్ జిల్లా మొక్కల మీద టి. పుల్లయ్య, పి.వి. ప్రసన్న, జి. ఓబులేసు రాసిన గ్రంథం 1992లో వచ్చింది. ఆ తర్వాత ఇక్కడి నేల చాలా మారింది. ఓపెన్‌కాస్ట్ గనులు విస్తరించాయి, జైపూర్‌లో సింగరేణి థర్మల్ కేంద్రం వచ్చింది. 2016లో మంచిర్యాల వేరే జిల్లా అయింది. ఏ ఒర్రె పక్కన ఏ పువ్వు ఇంకా పూస్తోందో ఇప్పుడు ఎవరైనా చూసి రాస్తేనే తెలుస్తుంది.

తేదీ, చోటుతో సరిగ్గా గుర్తించిన ఒక్కో ఫొటో ఆ రాతలో ఒక ఎంట్రీ. అలాంటివి పెరిగే కొద్దీ తర్వాతి మనిషి ఫోన్‌కు కూడా సరైన పేరు వచ్చే అవకాశం పెరుగుతుంది. పంట చేలలో కలుపు అని పీకేసే గునుగు, ఎండాకాలం మొదట్లో పూసే మోదుగ, అడవి అంచున కనిపించే నాభి.. ఇవన్నీ ఎక్కించదగ్గవే. నాభి దుంప కూడా తీవ్రమైన విషమని మాత్రం మర్చిపోవద్దు.

పిల్లలను పూలకు తీసుకెళ్లేవాళ్లు ముందుగా కసివింద కాయను చూపించి, నోట్లో పెట్టొద్దని చెప్పాలి. ఎవరైనా తిన్నారన్న అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలు, నాటు మందులతో సమయం పోనీయకండి. వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ మొక్క కొమ్మను, కాయతో సహా, వెంట పట్టుకెళ్లండి.