గోడ మీద పిచ్చిగీతలు

కార్టూన్లు గీసి పొట్టపోసుకున్నవాణ్ణి. అందుకే ఎవరి బొమ్మ చూసినా, గీసినవాడు ఏ సందులోంచి తప్పించుకున్నాడా అని ముందు వెతుకుతాను. ఆ విద్యలో జపాన్ చిత్రకారుడు ఉతాగావా కునియోషిని మించినవాడు నాకు కనబడలేదు.

1840ల నాటి ఎడో నగరం, అంటే ఇప్పటి టోక్యో. దేశాన్ని ఏలే షోగున్ కొలువులో చక్రం తిప్పుతున్న మిజునో తదకుని జనానికి పొదుపు నేర్పాలని కంకణం కట్టుకున్నాడు. ఆడంబరాలు వద్దన్నాడు. 1842లో కబుకి నాటకాల నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు అచ్చేయకూడదని ఆజ్ఞ వచ్చింది. చెక్క అచ్చు బొమ్మల వ్యాపారానికి తిండి పెడుతున్నవే అవి!

మరుసటి ఏడాది కునియోషి మూడు కాగితాలు కలిపితే ఒకటయ్యే పెద్ద బొమ్మ గీశాడు. కథ పాతదే: రైకో అనే వీరుడు జబ్బుపడి పడుకుంటే సాలెపురుగు భూతం మీదికి రావడం. ముందు నలుగురు అనుచరులు, వాళ్లలో ఇద్దరు 'గో' ఆటలో మునిగి ఉన్నారు. వెనక చీకట్లో దయ్యాల దండు. తప్పేముంది? జనం మాత్రం వేరేగా చదివారు. నిద్రపోతున్నవాడు షోగున్ ఇయెయోషి అట. ఒక అనుచరుడి బట్టల మీది చిహ్నం మిజునో ఇంటి గుర్తేనట. ఆ దయ్యాలన్నీ ఆజ్ఞల వల్ల కూడు పోయినవాళ్లట. పుకారు పెరిగేసరికి ప్రచురణకర్త హడలిపోయి మిగిలిన ప్రతులు వెనక్కి తెప్పించుకుని, చెక్కలు నాశనం చేయించాడు. కునియోషికి శిక్ష పడలేదు. అతను గీసింది పాత కథ. అర్థం చెప్పుకున్నది జనం. అంతకు ముందు 1804లో ఉతమారో అనే చిత్రకారుడు పాతకాలపు పాలకుడు హిదెయోషిని పేరుతో సహా గీసి, యాభై రోజులు చేతికి సంకెళ్లతో గడిపాడు.

నాకు అంతకన్నా ఇష్టమైంది 1847 ప్రాంతంలో వచ్చిన గోడ బొమ్మల వరస. నటుల్ని గీయకూడదు కదా, సరే, గోదాం గోడ మీద ఎవరో ఆకతాయి మేకుతో గీకినట్టు గీశాడు. వంకర ముక్కులు, బొంగరాల్లాంటి కళ్లు. అయినా నాటకాలు చూసేవాళ్లు ఏ ముక్కు ఎవరిదో ఇట్టే పట్టేస్తారు. మధ్యలో నెత్తిన తువ్వాలు కప్పుకుని, చీలిన తోకతో చిందులేసే పిల్లి. ఇందులో అసలు తమాషా ఇంకొకటుంది: ఆ నిర్లక్ష్యపు గీతని చెర్రీ చెక్క మీద చెక్కేవాడు, ఒక్క వణుకూ పోకుండా, ఎంతో శ్రద్ధగా చెక్కాలి. పిచ్చిగీతకి అంత పనితనం!

కోపం లేని వెటకారమూ ఉంది. 1766 ప్రాంతంలో సుజుకి హరునొబు, చైనా కవులు మురిసిపోయిన ఎనిమిది ప్రకృతి దృశ్యాల్ని ఇంట్లోకి దించాడు. రాత్రి వాన కురిసే దృశ్యానికి బదులు మరుగుతున్న నీళ్ల కెటిల్. వాలే బాతుల వరసకి బదులు కోతో వాద్యం మీద తీగల్ని మోసే గుర్రాలు.

కష్టకాలంలోనూ ఈ వెటకారం ఆగలేదు. 1855లో ఎడోని భూకంపం కూల్చింది. వేల మంది చచ్చిపోయారు. భూమి కింది పెద్ద వాలుగ చేప కదిలితే భూకంపం వస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. వెంటనే వాలుగ బొమ్మలు వందలాది రకాలు బజారున పడ్డాయి. సంతకం లేదు, ప్రభుత్వ తనిఖీ ముద్ర లేదు. ఒకదానిలో ఊరంతా చేరి చేపని చితక్కొడుతుంటుంది. పైన ఒక మూల నుంచి వడ్రంగులు, తాపీవాళ్లు "కొట్టకండి, కొట్టకండి" అన్నట్టు పరుగెత్తుకొస్తుంటారు. ఇళ్లు కూలితేనే కదా వాళ్ల చేతినిండా పని!