ఒమన్ రోడ్ ట్రిప్‌లో నడక ఎక్కడ? కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కేసుకోండి

గల్ఫ్‌లో ఉంటున్న మనవాళ్లు చలికాలం సెలవుల్లో కారేసుకుని ఒమన్ చుట్టి రావడం మామూలే. రోజంతా సీట్లోనే ఉంటే నడుం పట్టేస్తుంది, పిల్లలు విసిగిపోతారు. మధ్యలో ఓ చిన్న నడక ఉంటే బాగుంటుంది. కానీ ఎక్కడ?

మస్కట్ నుంచి సూర్ వెళ్లే దారిలో ముందు బిమ్మా గుంత వస్తుంది. మెట్లు దిగితే నీళ్లే. చంటిపిల్లలుంటే ఇక్కడితో ఆపేయడం మేలు. ఇంకాస్త ముందుకెళ్తే వాదీ షాబ్. పడవలో అవతలికి దాటి, రాళ్ల మీద ముప్పావు గంట నడవాలి. దూరం తక్కువే కదా అని అసర్ తర్వాత బయల్దేరితే చిక్కే. రానుపోను గంటన్నర, నీళ్లలో ఓ గంట... మగ్రిబ్ అయిపోతుంది, పడవ దొరకదు. పొద్దున్నే వెళ్లాలి.

నిజ్వా వైపు వెళ్తే మిస్ఫత్ అల్ అబ్రియీన్. ఫలజ్ కాలువ వెంట ఖర్జూర తోటల నీడలో నడక. నా ఓటు దీనికే. జబల్ షమ్స్ బాల్కనీ దారిలో ఎక్కుడు పెద్దగా లేదు గానీ, పక్కనే లోయ. అల్లరి పిల్లలతో వద్దు.

ఇంకో మాట. వాదీ అంటే వాగు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువ కొండల్లో వాన పడితే నిమిషాల్లో వరద వచ్చేస్తుంది. వాన హెచ్చరిక ఉంటే అందులోకి మీరూ దిగొద్దు, కారూ దింపొద్దు. పారుతున్న వాదీలో కారు నడపడం అక్కడ నేరం కూడా. ఆ రోజుకు నడక మానేసి కోటలు, సూక్‌లు చూసుకోవచ్చు.